చూశానన్న రెండో మనిషి

మందుల షాపులో పనంటే మాత్రలు కవర్లో వేసి ఇవ్వడమే అనుకునేవాళ్లు ఒక్క పూట ఆ షాపు లోపలి గదిలో నిలబడి చూడాలి. పేరుకు గదే గానీ, అది మనుషుల కోసం కట్టింది కాదు. నేల నుంచి పైకప్పు దాకా అరలు, అరల మధ్య ఒక మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని సందు, నెత్తిమీద సన్నగా గీపెడుతూ ఉండే ట్యూబ్‌లైటు. ముందు గదికీ దీనికీ మధ్య గోడలో చిన్న కిటికీ. మందులు తీసి ట్రేలో సర్ది ఆ కిటికీ గట్టు మీద పెట్టడం చిన్నదాని పని.

చిన్నది అంటే వాళ్లింట్లో రెండో ఆడపిల్ల. ఇంట్లో పిలిచే పిలుపే షాపులోనూ అంటుకుంది.

ఆ షాపుకొక పద్ధతి ఉంది. లోపలి మనిషి మందు ట్రేలో పెట్టి, దాని పేరు, ఎంత పవరు, ఎవరికి అన్నది పైకి చదవాలి. కిటికీ అవతల షాపు యజమానురాలు, అందరూ మేడం అనే ఆవిడ, బిల్లులు రాస్తూ కూర్చుంటుంది. ఆవిడ పక్కన కాంపౌండర్ బాబాయ్ నిలబడి వచ్చినవాళ్లకు మందులు అందిస్తాడు. ఇద్దరిలో ఎవరి చేయి ఖాళీగా ఉంటే వాళ్లు ఆ డబ్బా చేతిలోకి తీసుకుని, కళ్లారా చూసి, "చూశాను" అనాలి. ఆ మాట చెవిన పడందే మందు గట్టు దాటకూడదు.

"తలూపితే కుదరదు, ఊఁ కొడితే కుదరదు. నోరు తెరిచి అనాలి," అని చిన్నది చేరిన రోజే మేడం చెప్పింది.

బాబాయ్ తన వంతు ముక్క కలిపాడు. "చీటీ చూసి చదవకు అమ్మాయ్, డబ్బా చూసి చదువు. చీటీలో ఏముందో డాక్టరుకి తెలుసు. నీ చేతిలో ఏముందో నీకు తప్ప ఎవడికీ తెలీదు."

చిన్నదానికి ఫార్మసీ కాలేజీలో సీటు కావాలి. ఆ సీటుకు డిగ్రీలో సైన్సు మార్కులు బాగుండాలి, మందుల షాపులో పని చేసిన అనుభవం ఉండాలి, ఆ పైన ఎంట్రన్సు గట్టెక్కాలి. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి జారిపోయే రకం పనులివి. నిరుడు ఎంట్రన్సులో వెంట్రుకవాసిలో పోయింది. రానిది రాక పోతే ఏడుపు ఉండేది కాదు. వచ్చినవే రాసి, మళ్లీ అనుమానం వచ్చి, చెరిపి, తప్పు పెట్టి వచ్చింది. ఆ పిల్ల జబ్బే అది. తలుపు గొళ్లెం పెట్టి నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూసే బాపతు.

ఇంట్లో అమ్మా, అక్కా, బావా కలిసి కర్టెన్లు కుడతారు. ముందు గదంతా గుడ్డల తానులు, రెండు కుట్టుమిషన్లు. మూడో మిషను గోనెపట్టా కప్పుకుని మూల నిలబడి ఉంటుంది.

"ఈ ఏడు కూడా చదువుకో. రాకపోతే ఆ మిషను నీది," అంది అమ్మ. ఆ మాటలో కోపం లేదు, విసుగూ లేదు. అందుకే అది చిన్నదాని గుండెలో దిగబడిపోయింది.

బావ మాత్రం నవ్వులాటకు దిగేవాడు. "డాక్టర్లు రాసిన ఆ కోడికెలుకుడు చదువుతున్నావు కదా మరదలు పిల్లా! ఇంకా పరీక్షేంటి నీకు? సీటు ఇచ్చి దండం పెట్టాలి వాళ్లు."

తెల్లారకుండానే లేచి ఎంట్రన్సు పుస్తకం. పొద్దున్నంతా కాలేజీ, ప్రాక్టికల్సు. మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా షాపు. సెలవులొస్తే కోచింగులో మోడల్ టెస్టులు. బస్సులో నిలబడి ఫార్ములాలు వల్లెవేస్తూ దిగాల్సిన చోటు దాటిపోయిన రోజులున్నాయి. కాలేజీ ల్యాబులో బ్యూరెట్టు కింద ఫ్లాస్కు పట్టుకుని, ఎవరో "ఇంకెంతసేపమ్మా?" అంటే, "బిల్లు కట్టారా?" అని అడిగిందట. క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది.

ఆ వింత మొదలైన రోజు షాపులో జనం కిక్కిరిసి ఉన్నారు. ఆ ఊళ్లో జ్వరాలు ముదిరిన కాలం. చిన్నది ట్రే మీద ట్రే పెడుతోంది, చదువుతోంది. అవతల నుంచి మేడం గొంతో, బాబాయ్ గొంతో, "చూశాను" అంటోంది. అలా ఎన్నో ట్రేలు దాటాక ఒకదానికి "చూశాను" అన్న మాట కిటికీ వైపు నుంచి రాలేదు. తన వెనక నుంచి వచ్చింది. అరల మధ్య సందులోంచి.

ఆడగొంతూ కాదు, మగగొంతూ కాదు. నీళ్లు లేకుండా మాత్ర మింగినవాడు వెంటనే మాట్లాడితే ఎలా ఉంటుందో అలాంటి గొంతు.

వెనక్కి తిరిగి చూసింది. దగ్గు మందు సీసాల వరస తప్ప ఏమీ లేదు. గది బోలుగా ఉంటే మాట గోడకు కొట్టుకుని వస్తుందని ఫిజిక్సులో చదివింది కదా, అదే అయుంటుందని సర్దిచెప్పుకుంది. గది బోలుగా లేదన్న సంగతి, సూది దూర్చడానికి సందు లేకుండా నిండి ఉందన్న సంగతి, ఆ పూట తట్టలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం షట్టరు సగానికి దించి మేడం భోజనానికి వెళ్లింది. బాబాయ్ బ్యాంకుకు వెళ్లాడు. ఆసుపత్రికి పంపాల్సిన మందులు ముందే తీసి ఉంచమన్నారని చిన్నది ఒక్కతే లోపల సర్దుతోంది. అలవాటుకొద్దీ డబ్బా తీసి, పేరు చదివింది.

"చూశాను."

చేతిలోది గట్టు మీద పెట్టి, షట్టరు కింద నుంచి వంగి వీధిలోకి వచ్చేసింది. ఎండలో నిలబడింది. ఎదురుగా గడియారాలు బాగుచేసే తాత గాజుపెట్టె వెనక నుంచి తలెత్తి, "ఏం డాక్టరమ్మా, దెయ్యాన్ని చూసినట్టు అలా నిలబడ్డావు?" అన్నాడు. చిన్నదాన్ని ఆయన డాక్టరమ్మా అనే పిలుస్తాడు. కాదని ఎన్నిసార్లు చెప్పినా వినడు.

"ఉక్కగా ఉంది తాతా," అంది.

"లోపలే ఉండు. ఎండలో ఉంటే నీకూ బీపీ వస్తుంది. అప్పుడు నా మాత్రలు నువ్వే మింగేస్తావు."

ఆ నవ్వులాటకు కాస్త ధైర్యం వచ్చి లోపలికి వెళ్లింది. వెళ్లి, తెలివైనదాన్ననుకుని ఒక పరీక్ష పెట్టింది. చేతిలో జ్వరం మాత్రల డబ్బా పట్టుకుని, కావాలనే దగ్గు మందు పేరు చదివింది. ఏమీ వినపడలేదు. ట్యూబ్‌లైటు గీపెట్టడం తప్ప. మళ్లీ డబ్బా మీద ఉన్నది ఉన్నట్టు చదివింది.

"చూశాను."

చిన్నదానికి భయం పోలేదు గానీ, భయంలోనే ఒక నిబ్బరం వచ్చింది. ఎవరైతేనేం, చూస్తున్నారు. తప్పు చెబితే నోరు మెదపడం లేదు, ఒప్పు చెబితే ఒప్పంటున్నారు. మేడంతో చెప్పాలనుకుంది. చెబితే ఏమంటుంది? చదివి చదివి పిల్లకు మతి చలించింది, పనిలోంచి తీసేద్దాం అంటుంది. పని పోతే అనుభవం పోతుంది, అనుభవం పోతే సీటు పోతుంది. నోరు కుట్టేసుకుంది.

మనిషి దేనికైనా అలవాటు పడతాడు. చెప్పులో రాయికి కూడా. కొన్నాళ్లకు చిన్నది ట్రే గట్టు మీద పెడుతూ చదివేది, చదువుతూనే వెనక నుంచి మాట వినేది, మాట వింటూనే తర్వాతి చీటీ అందుకునేది. పని ఇదివరకటి కంటే చురుగ్గా సాగేది. మేడం కూడా ఒకసారి, "చేయి తిరిగింది నీకు," అంది. మిగిలిన కాస్త తీరికలో చిన్నది ఎప్రాను జేబులోంచి ఎంట్రన్సు ప్రశ్నలు తీసి పెదవులు కదుపుతూ చదువుకునేది. ఒక ప్రశ్న చదివి, జవాబు గొణిగింది.

"చూశాను," అంది గొంతు.

అది ఆ పిల్లకు ఎడారిలో నీళ్లు దొరికినట్టయింది. చెరిపి మళ్లీ రాసే జబ్బుకు అంతకంటే మందు ఏముంటుంది? జవాబు అనుకోగానే ఒప్పో కాదో చెప్పేవాళ్లు పక్కనే ఉన్నారు. గొంతు పలికితే ముందుకు పోవడం, పలకకపోతే ఇంకోటి వెతుక్కోవడం. మోడల్ టెస్టులో ఎప్పుడూ చివరిదాకా అందుకోలేనిది, ఆ వారం గంట కొట్టకముందే పేపరు ఇచ్చేసింది. మార్కులు చూసి కోచింగు మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏమ్మా, ఏం తింటున్నావు ఈమధ్య?" అన్నాడు.

అవును, గొంతు షాపులోనే ఉండిపోలేదు. ఎప్పుడు వెంట వచ్చిందో తెలియదు. కోచింగు హాలులో భుజం వెనక ఉండేది. కాలేజీ ల్యాబులో ఫ్లాస్కులో రంగు మారిన క్షణాన చెవి పక్కన ఉండేది. రీడింగు సరిగ్గా వంగి చూడకుండానే రాసేసుకోవడం అలవాటైంది. ఇంటికి కూడా వచ్చింది.

ఒకరోజు పొద్దున అక్క టీ గ్లాసు చేతికిస్తూ, "నిద్రలో పాఠాలేంటే నీకు? మాకు నిద్ర లేకుండా?" అంది.

"పలవరించానా?"

"ప్రశ్నలు చదువుతున్నావు. చదివితే చదివావు, మధ్యలో ఎవరో చూశాను, చూశాను అంటున్నారు."

"నేనే అనుంటానులే."

అక్క తల అడ్డంగా ఊపింది. "నువ్వు గోడ వైపు తిరిగి పడుకున్నావే. మాట తలుపు దగ్గర నుంచి వచ్చింది."

బావ గుడ్డకు కత్తెర వేస్తూ, "మరదలికి ట్యూషను మాస్టారు దొరికాడన్నమాట, ఫీజు లేకుండా," అన్నాడు. అక్క నవ్వలేదు. కత్తెర చప్పుడు మాత్రం వినపడుతూ ఉంది.

ఎంట్రన్సు దగ్గరపడింది. కాలేజీ పరీక్షలూ అప్పుడే వచ్చిపడ్డాయి. చిన్నది షాపులో నిలబడి, చేతులతో మందులు తీస్తూ, నోటితో చీటీలు చదువుతూ, తలలో కెమిస్ట్రీ నడిపేది. ఒక ఎద్దుకు మూడు బండ్లు కట్టినట్టుండేది దాని బతుకు. కళ్లు డబ్బా మీద ఆగడం ఎప్పుడో మానేశాయి. చూసేవాళ్లు వేరే ఉన్నప్పుడు తను చూడటం దేనికి?

ఆ సాయంత్రం గడియారాల తాత వచ్చాడు, నెలనెలా వచ్చినట్టే. అవతల నుంచి ఆయన గొంతు వినపడింది. "నా రక్తం దౌడు తీస్తోంది కాంపౌండరూ, కళ్లెం ఇవ్వు." బాబాయ్ నవ్వుతూ చీటీ లోపలికి తోశాడు. చిన్నది చీటీ మీది పేరు చదివింది. బీపీ మాత్రలు, తాతకి. చేయి తనంతట తను అర మీదికి పోయి నీలం డబ్బా ఒకటి ట్రేలో పెట్టింది.

"చూశాను."

ట్రే గట్టు దాటింది. తాత వెళుతూ వెళుతూ కిటికీలోకి వంగి, "పరీక్ష బాగా రాయి డాక్టరమ్మా," అన్నాడు.

మూడో రోజున చిన్నది షాపులో అడుగుపెట్టేసరికి తాత కూతురు గట్టుకు అవతల నిలబడి ఉంది. ఎదురుగా నీలం డబ్బా. మేడం ముఖం సున్నం కొట్టినట్టుంది. బాబాయ్ గోడకు జారగిలబడి ఉన్నాడు.

"మా నాన్నకి చక్కెర జబ్బు లేదండీ," అంటోంది కూతురు. అరవడం లేదు. అరిస్తే బాగుండేది. "చెమటలు పట్టి, మాట తడబడి, కుర్చీలోంచి పడిపోయాడు. పక్క కొట్టువాళ్లు చూడబట్టి సరిపోయింది. ఆసుపత్రిలో రక్తం చూస్తే చక్కెర అడుగంటింది. ఏం మింగారయ్యా అంటే ఇది చూపించాడు. ఇది చక్కెర జబ్బు మాత్రటండీ."

బీపీదీ, చక్కెర జబ్బుదీ, రెండూ నీలం డబ్బాలే. పక్కపక్క అరలు. చీటీ చదివిన సంగతి గుర్తుంది. డబ్బా చదివిన సంగతి ఎంత వెతికినా గుర్తు రాలేదు.

"ఎలా ఉన్నాడు తాత?" అంది.

"బతికాడు. చేతి మీద పడ్డాడు, మణికట్టు విరిగింది." ఆమె ముగ్గురి వంకా మార్చి మార్చి చూసింది. "ముగ్గురున్నారు కదండీ మీరు. ముగ్గురికీ కళ్లున్నాయి."

మేడం బాబాయ్ వైపు తిరిగింది. "ఆ ట్రే చూసిందెవరు?"

"మీరే కదమ్మా," అన్నాడు బాబాయ్.

"నేనా? నేను బిల్లు రాస్తున్నాను. నువ్వు చూశానన్నావు. నా చెవులారా విన్నాను."

"నేను అనలేదమ్మా. మీరన్నారనే నేను కవర్లో వేశాను. ఈమధ్య..." బాబాయ్ తన రెండు చేతుల వంకా చూసుకున్నాడు. "ఈమధ్య మీరే అంటున్నారు కదా అని నేను అనడమే మానేశాను."

మేడం బిల్లు పుస్తకం పక్కకు నెట్టింది. "నేనూ నువ్వే అంటున్నావని మానేశాను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎన్నాళ్లు? ఏ జ్వరాల కాలం నుంచి? ఎన్ని ట్రేలు, ఎంతమంది పిల్లలకు, ఎంతమంది ముసలివాళ్లకు? ఆ లెక్క ఆ ఇద్దరి కళ్లలోనూ తిరుగుతోంది. ఒక్క మందునూ ఎవరూ చూడలేదు. చిన్నది మొదట్లో డబ్బా చూసి చదివినన్నాళ్లూ గండం తప్పింది, అంతే.

"మరి అన్నదెవరు?" అంది మేడం, తనలో తను అనుకున్నట్టు.

"చూశాను."

లోపలి గదిలోంచి. నింపాదిగా, ఎప్పటిలాగే.

చిన్నది బయటే ఉంది. మేడం బయటే ఉంది. బాబాయ్ బయటే ఉన్నాడు. ముగ్గురూ కిటికీ వంక చూశారు గానీ ఎవరూ కదల్లేదు.

తాత కూతురు మెడ సాచి చూసింది. "లోపల ఇంకొకరు ఉన్నారా? ఆయన్ని పిలవండి. ఆయనేగా చూశానంటున్నారు. ఏం చూశారో నాకు చెప్పమనండి."

"పిలవండి" అని ఆమె మళ్లీ అంది. ఆ తర్వాత, వాళ్ల ముఖాల్లో ఏం కనిపించిందో ఏమో, డబ్బా కూడా తీసుకోకుండా ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ వీధిలోకి వెళ్లిపోయింది.

మేడం షట్టరు తనే దించింది. జరిగింది జరిగినట్టు లైసెన్సు ఇచ్చే ఆఫీసుకు తనే వెళ్లి చెప్పింది. గొంతు సంగతి చెప్పలేదు. చెప్పినా ఏ గడిలో రాసుకుంటారు? విచారణ అయ్యేదాకా షాపు మూతపడింది. చిన్నదాని అనుభవపత్రం మీద మాత్రం సంతకం పెట్టింది. "పని చేశావు, అది నిజం. మిగతాది ఎక్కడ ఎంత చెప్పుకుంటావో నీ ఇష్టం," అంది. చిన్నది ఆసుపత్రికి వెళ్లి తాత మంచం పక్కన నిలబడింది. ఆయన పట్టీ వేసిన చేయి చూసుకుంటూ, ఆ రోజు డాక్టరమ్మా అనలేదు. "కూర్చోమ్మా," అన్నాడు. అంతే.

ఆసుపత్రి నుంచి వచ్చే దారిలో నడుస్తూ చిన్నది ఆ గొంతు గుట్టు విప్పుకుంది. దానికి కళ్లు లేవు. ఏనాడూ లేవు. పరీక్ష పెట్టిన రోజున దగ్గు మందు అబద్ధమని తనకు తెలుసు గనక దానికీ తెలిసింది. మోడల్ టెస్టులో తనకు వచ్చినదే దానికీ వచ్చింది. తనకు అనుమానం లేనప్పుడల్లా అది పలుకుతుంది. తను చూడనప్పుడు అదీ చూడదు. చూడకుండానే చూశానంటుంది.

ఎంట్రన్సు హాలు పొడుగ్గా, ఎత్తుగా, గోడౌనులా ఉంది. చిన్నది పేపరు తెరిచి మొదటి ప్రశ్న చదివింది. పెదవి కదిలిందో లేదో వెనక నుంచి, "చూశాను." రెండోదానికి జవాబు ఇంకా అనుకోనే లేదు, "చూశాను." పలకడం అలవాటైన ఆ గొంతు ఇక ఆగేలా లేదు. వద్దనుకుంటే మరింత దగ్గరికి జరిగింది. చెవి తమ్మెకు తగిలేంత దగ్గరికి.

పెదవులు పళ్లకింద బిగించింది. ప్రశ్నలో ఒక్కో మాట కింద వేలు పెట్టుకుని, చంటిపిల్లలు చదివినట్టు చదివింది. రాసినదాని దగ్గరికి మళ్లీ వెళ్లింది. మళ్లీ చూసింది. నిరుడు జబ్బనుకున్న ఆ అనుమానాన్నే ఈసారి కొంగున ముడేసుకున్నట్టు పట్టుకుంది. తేడా ఒక్కటే. నిరుడు భయంతో చెరిపింది, ఈసారి చూసి, ఉంచాల్సింది ఉంచింది. గంట కొట్టేసరికి చివరి పేజీ ఖాళీగానే మిగిలింది. పక్క వరసలో ఒకడు ఎప్పుడో ముగించి, ఎవరో జోల పాడుతున్నట్టు కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

ర్యాంకు తోకలో వచ్చింది. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చేంత తోక. బావ పేపరు చూసి, "బండి ఆఖరి పెట్టె అయితేనేం, ఊరికి చేరుస్తుందా లేదా?" అన్నాడు. అమ్మ మూల ఉన్న మిషను మీది గోనెపట్టా సర్దింది, తియ్యలేదు.

ఇంటర్వ్యూ గదిలో ఒక ప్రొఫెసరమ్మ, తల నెరిసినావిడ, ఎదురుగా కూర్చుంది. పక్కన కుర్రలెక్చరరు తలవంచుకుని రాసుకుంటున్నాడు. వాళ్ల వెనక గోడ పొడుగునా గాజు తలుపుల బీరువాలు, వాటి నిండా పాత మందు సీసాలు. కూర్చోగానే చిన్నదానికి ఆ గది తెలిసిన గదిలా అనిపించింది.

ప్రొఫెసరమ్మ మార్కుల గురించి అడిగింది. కెమిస్ట్రీ అడిగింది. చివరికి అనుభవపత్రం తిప్పి చూస్తూ, "మీ షాపులో ఇద్దరు చూసే పద్ధతి ఉందా?" అంది.

"ఉందండి. నేను చదివితే రెండో మనిషి చూడాలండి."

"చూసేవాళ్లా?"

చిన్నదాని కళ్ల ముందు గోనెపట్టా కప్పిన మిషను మెదిలింది. విచారణ సంగతి వీళ్లకు తెలిసే దారి లేదు. ఒక్క మాట. ఆ ఒక్క మాట అంటే చాలు.

"చూసేవాళ్లండి," అంది.

"చూశాను," అంది బీరువా వెనక నుంచి గొంతు. అబద్ధమని తెలిస్తే ఒకప్పుడు మూగగా ఉండేది, ఇప్పుడు అదీ లేదు.

లెక్చరరు కలం ఆగింది. తల ఎత్తలేదు, వెనక్కి తిరగలేదు. ఆగిన కలం మళ్లీ రాయసాగింది. ప్రొఫెసరమ్మ చిన్నదాని ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు.

చిన్నది బీరువా మీది నుంచి చూపు తిప్పుకుంది. "లేదండి," అంది. "అబద్ధం చెప్పాను. ఎవరూ చూడలేదండి. నేనూ చూడలేదు." మొదలుపెట్టాక ఆపలేకపోయింది. తాత సంగతి, నీలం డబ్బా సంగతి, ఒకరు అన్నారని ఒకరు మానేసిన సంగతి అంతా చెప్పింది. గొంతు సంగతి మాత్రం నాలుక చివర దాకా వచ్చి ఆగింది.

"ఆయన ఎలా ఉన్నారిప్పుడు?"

"బతికారండి. కానీ ఆ చేత్తో చిన్న మరలు పట్టుకోలేకపోతున్నారు. కొట్టు మూసేశారు."

ప్రొఫెసరమ్మ అనుభవపత్రం మూసి పెట్టింది. "మా ప్రాక్టికల్ హాల్లో ఆ మాట నిషేధం," అంది చివరికి. "రెండో మనిషి డబ్బా మీద ఉన్నదంతా మళ్లీ పైకి చదవాలి. చూశాను అని మాత్రం ఎవరూ అనకూడదు. నేను ఇక్కడ చదువుకునే రోజుల్లోనే ఆపేశారు."

"ఎందుకండీ?"

ఆవిడ నవ్వలేదు. "మీకు నేను చెప్పాలా?" అంది. కాగితం మీద ఏదో రాసి పక్కకు జరిపింది. "క్లాసులు మొదలయ్యే రోజున తెల్లకోటు వేసుకుని రండి. వెళ్లేటప్పుడు తలుపు దగ్గరగా వేయండి."

చిన్నది బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. సీటు వచ్చింది. గట్టిగా అరవాలనుంది, ఏడవాలనుంది, అమ్మకు చెప్పాలనుంది. వరండాలో బల్ల మీద కూలబడింది. అదే తలుపు తోసుకుని తర్వాతి కుర్రాడు లోపలికి వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా, తడబాటు లేని నడక. పరీక్ష హాలులో కళ్లు మూసుకుని కూర్చున్నవాడు.

తలుపు పూర్తిగా పడలేదు. లోపలి మాటలు వినపడుతున్నాయి. ఎక్కడ పని చేశారు, ఎన్నాళ్లు చేశారు. తర్వాత ప్రొఫెసరమ్మ గొంతు, అదే ప్రశ్న. "రెండో మనిషి చూసేవాళ్లా?"

"ప్రతిసారీ చూసేవాళ్లు మేడం," అన్నాడు కుర్రాడు.

"చూశాను."

చిన్నది బల్ల అంచు పట్టుకుంది. లేవాలి, తలుపు తియ్యాలి, వెనక్కి చూడరా అని చెప్పాలి. అంతలో కుర్రాడి గొంతు వినపడింది. ఆ మాట లెక్చరరు అన్నాడనుకున్నట్టున్నాడు, మర్యాదగా,

"థాంక్యూ సార్," అన్నాడు.